లెక్కలో లేని గేదె

"మనింట్లో గేదె లేదని మునిసిపాలిటీ వాళ్లకి చెప్పిన మహాతల్లి ఎవరు? అది ముందు తేలాలి నాకు!"

ఆశీర్వాదం గుమ్మంలోనే నిలబడి అరిచాడు. జిన్నింగు మిల్లు నుంచి మునిసిపల్ ఆఫీసుకీ, అక్కడి నుంచి ఇంటికీ ఒక్క పరుగున వచ్చాడేమో, తలనిండా మీసాలనిండా పత్తి నూగే! చేతిలో మునిసిపాలిటీ కాగితం. పొయ్యి దగ్గరున్న జయకుమారి చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. ఏ మాట బయటపడకూడదని మూడేళ్లుగా ప్రార్థనలో మొరపెట్టుకుంటోందో ఆ మాటే ఇవాళ భర్త నోటివెంట వచ్చింది... ప్రభువా! ఇప్పుడేం చెప్పను?

సంగతేమిటంటే, ఎనభై మూడులో వాళ్ల పాలెం మునిసిపాలిటీలో కలిసింది. కలిసినప్పుడు అందరూ సంబరపడ్డారు. వీధి దీపాలొస్తాయి, కుళాయిలొస్తాయి అన్నారు. వచ్చాయి కూడా, కాదనకూడదు. వాటి వెనకాలే రూల్సూ వచ్చాయి. ఇది ఇక నివాస ప్రాంతమట! ఇళ్ల మధ్య గొడ్లూ గుర్రాలూ కట్టేయడానికి వీల్లేదట! అయితే ఊరు కలిసిన ఏడాది ఇంటింటికీ తిరిగి రాసుకున్న లెక్కలో ఉన్న పాకలకి మాత్రం లైసెన్సు ఇస్తారు. లెక్కలో లేని పాక పదిహేను రోజుల్లో ఖాళీ కావాలి. పక్కింటి ఖైరున్నీసా మేకలకి లైసెన్సు వచ్చింది. వీధి చివర జట్కా గుర్రానికీ వచ్చింది. రానిది ఆశీర్వాదం ఇంటి పాకకి ఒక్కదానికే.

"ఆ గుమాస్తా మీద ఎగిరాను కుమారీ! కావాలనే మన పాక ఎగ్గొట్టారని నానా మాటలూ అన్నాను. ఆయన పాపం కిమ్మనకుండా పెద్ద పుస్తకం తీసి చూపించాడు. 'పశువులు లేవు. పెరట్లో ఉన్నది కట్టెల పాక. ఇంటివారు చెప్పిన మీదట రాయడమైనది.' ఇదీ రాత! ఎవరా ఇంటివారు? నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు!"

జయకుమారి నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మనిషి దగ్గర ఆమె దాచిన సంగతి ఇదొక్కటే...

"నేనేరా!" అంది వసారాలోంచి ఎలీసమ్మ.

అత్తగారు రోటి దగ్గర కూర్చుని గేదెకి నానబెట్టిన పత్తిగింజలు రుబ్బుతోంది. తల కూడా ఎత్తలేదు. "నేనే చెప్పా. ఎవడో పుస్తకం పట్టుకొచ్చి అడిగాడు. ఏం తంటా వస్తుందోనని భయపడి లేదన్నా. ముసలిదాన్ని, నాకేం తెలుసు?"

జయకుమారి నివ్వెరపోయింది. అత్తయ్య చెప్పడమేమిటి! ఆ రోజు అత్తయ్య అసలు ఇంట్లోనే లేదు కదా! ఆ మాట అన్నది తను... తన నోటితో తనే అన్నది! మరి ఈ పెద్దావిడ ఎందుకు మీదేసుకుంటోంది? వయసు మీద పడి మతి తప్పుతోందా? ఇప్పుడే లేచి 'కాదండీ, నేను' అనాలి. అనాలి... భయం ఎంత పాడుదో చూడండి! ఒక్క నిమిషం నోరు కట్టేస్తే చాలు, ఆ తర్వాత ఆ మాట చెప్పడం నూరింతలు కష్టమైపోతుంది.

ఆ ఒక్క నిమిషంలో ఆశీర్వాదం తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నీకు మతుందా అమ్మా? కళ్ల ముందు గేదెని పెట్టుకుని లేదంటావా? ఇప్పుడు దాన్ని ఎక్కడ కట్టను? నా నెత్తిన కట్టనా? నీ వల్లే! అంతా నీ వల్లే!"

"నెత్తిన కట్టొద్దులే నాయనా. వాగవతల మా తమ్ముడు వెంకయ్య లేడూ? వాడి దొడ్డి మునిసిపాలిటీ కిందికి రాదు. శనివారం బండి తోలుకు రమ్మని కబురు పెట్టు. నేనూ చుక్కా పోతాం. నా చెయ్యి తగలకపోతే అది చేపదని నీకు తెలుసుగా! అది ఎక్కడుంటే నేనక్కడ."

అంత మాట అనేసి మళ్లీ రుబ్బుకోసాగింది ఎలీసమ్మ. ఆశీర్వాదం కాగితాన్ని మంచం మీదికి విసిరి బయటికి వెళ్లిపోయాడు.

చుక్క సంగతి నిజమే. నొసట తెల్లమచ్చ ఉన్న ఆ గేదె ఎలీసమ్మ చేతికి తప్ప ఎవరికీ పాలివ్వదు. జయకుమారి దగ్గరికొస్తేనే కాలు జాడిస్తుంది. దాని తప్పు లేదు. ఇరవయ్యేళ్లుగా జయకుమారి మిరపకాయల కొట్లో తొడిమలు తీసే పనికి వెళుతోంది. ఎన్నిసార్లు కడిగినా, కొబ్బరినూనె రాసినా ఆ చేతుల్లో ఘాటు పోదు. ఆ చేతులతో పొదుగు ముట్టుకుంటే ఏ గేదె ఊరుకుంటుంది? సంతోషకుమారి పసిదానిగా ఉన్నప్పుడు కూడా పిల్లకి నీళ్లు పోసింది, తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది ఎలీసమ్మే. తల్లి చెయ్యి తగిలితే పిల్ల కళ్లు మండేవి మరి!

అమ్మ లేని జయకుమారికి అమ్మ ఆవిడే. పెళ్లైన కొత్తలో టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు మంచం పక్కనే కూర్చున్న మనిషి. ఆ మనిషి అరవై ఎనిమిదేళ్ల వయసులో మూట కట్టుకుని తమ్ముడి పంచకి పోతానంటోంది. ఎవరు చేసిన తప్పుకి? తను చేసిన తప్పుకి!

ఆ తప్పు జరిగిన రోజు సంతోషకుమారికి పెళ్లిచూపులు. చీరాల నుంచి వస్తున్నారు. పెళ్లికొడుకు తల్లి దేవకుమారి మిషన్ బడిలో టీచరు. సంబంధం తెచ్చిన పాస్టరమ్మగారు "వాళ్లు మహా శుభ్రం మనుషులు కుమారీ, కాస్త చూసుకో" అని ఒక మాట అంది. అంతే! జయకుమారి గోడమీది పిడకలన్నీ పీకేసింది, సున్నం కొట్టింది, పాక కడిగింది. నిండు చూడిగా ఉన్న చుక్కని చేలోకి తోలుకుపొమ్మని అత్తగారిని బతిమాలింది. అరటిపళ్లు తేవడానికి ఆశీర్వాదం బజారుకి వెళ్లాడు. వచ్చినవాళ్లు మంచాల మీద కూర్చుని టీ తాగుతుండగా సరిగ్గా అప్పుడే పుస్తకం పట్టుకుని దాపురించాడు మునిసిపాలిటీ మనిషి. "పశువులేమన్నా ఉన్నాయా అమ్మా?" అని గట్టిగా అడిగాడు. దేవకుమారి తలెత్తి చూసింది. జయకుమారి నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది. "లేవండీ... మాకు పశువుల్లేవు!" "మరి ఆ పాక?" "కట్టెలు వేసుకునేదండీ." ఆయన రాసుకుని పోయాడు. సంబంధం కుదిరింది. ఆ రాతకి ఇన్ని ప్రాణాలుంటాయని ఆ ఇల్లాలికేం తెలుసు?

ఆశీర్వాదం కాగితం విసిరి వెళ్లిన ఆ సాయంత్రమే అత్తగారి దగ్గర చేరింది జయకుమారి. "అత్తయ్యా... మీరెందుకట్లా..." అనబోయింది. ఎలీసమ్మ వినిపించుకుంటేనా! "ఆ తవుడు డబ్బా ఇట్లా అందుకో అమ్మాయ్. చుక్క ఆకలికి ఆగదు" అంది. ఇంకోసారి మొదలుపెడితే "నువ్వు మాట్లాడకు, నాకు తల నొప్పిగా ఉంది" అంది. ఎప్పుడూ లేని తలనొప్పి! జయకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కళ్లు తుడుచుకుందామంటే చేతులు మంట... కొంగుతోనే అద్దుకుంది.

గురువారం పనికి పోతున్నట్టు బయల్దేరి మునిసిపల్ ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా మీరా హుస్సేన్ గారు అద్దాలు పైకి తోసి చూశాడు. పెద్దవయసు మనిషి, నెమ్మదస్తుడు.

"ఆశీర్వాదం వాళ్ల ఇంటావిడవా? కూర్చో తల్లీ. మీ ఆయన నన్ను తిట్టిపోశాడులే."

"బాబుగారూ, తప్పు రాయించింది నేనండీ! గేదె అప్పుడూ ఉంది. నేనే లేదన్నాను..." జయకుమారి భోరుమంది.

ఆయన మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకి జరిపాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "చూడమ్మా, రాసింది కొట్టేసే అధికారం నాకు లేదు. రూలులో ఒక దారుంది. ఆ నాటికే అక్కడ గేదె ఉందని, మన వార్డులో లేని మనిషి ఎవరన్నా సంతకం పెట్టి రాసిస్తే తీసుకుంటాం. వాళ్లు అప్పటికి మీ చుట్టాలై ఉండకూడదు. ఆ రోజుల్లో బయటి ఊరివాళ్లు మీ ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

జయకుమారికి పెళ్లిచూపుల రోజు కళ్ల ముందు మెదిలింది. వచ్చారు. వచ్చినవాళ్లు ఉన్నారు. అప్పటికి చుట్టాలు కారు కూడా! కానీ ఆ వచ్చినవాళ్ల కోసమే కదా ఆ అబద్ధం ఆడింది! ఇప్పుడు వియ్యపురాలి గుమ్మంలో నిలబడి 'నేను మీతో అబద్ధమాడి పిల్లనిచ్చాను, నాకు సాక్ష్యం చెప్పండి' అనాలా? ఆ తర్వాత సంతోషకుమారి ఆ ఇంట్లో తలెత్తుకు తిరగగలదా? ఒకవైపు కన్నకూతురు... ఒకవైపు అమ్మకన్నా ఎక్కువైన అత్త... ఆఫీసు మెట్ల మీద ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలీదు.

శుక్రవారం మధ్యాహ్నం కూతుర్ని చూసొస్తానని చెప్పి పర్చూరు మీదుగా చీరాల బస్సెక్కింది.

తల్లిని చూడగానే సంతోషకుమారి సంబరపడి కాఫీ కలపడానికి లోపలికి పరిగెత్తింది. అల్లుడిది మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే కంపెనీలో ఉద్యోగం, ఆదివారాలే వస్తాడు. దేవకుమారి అప్పుడే బడి నుంచి వచ్చింది. గంజి పెట్టిన తెల్లచీర ఎక్కడా నలగలేదు.

"వందనాలు వదినగారూ! అదేంటి, మొహం అట్లా పీక్కుపోయింది? అందరూ బాగున్నారా?"

జయకుమారి కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టింది. ఆపితే మళ్లీ చెప్పలేనని తెలుసు. గేదె సంగతి, పాక సంగతి, అత్తగారు నింద మీదేసుకున్న సంగతి, రేపు బండెక్కబోతున్న సంగతి... అన్నీ చెప్పేసింది. "నన్ను ఎన్ని మాటలన్నా అనండి వదినగారూ, పడతాను. నా పిల్లని మాత్రం ఏమీ అనకండి. దానికేం తెలీదు!" అంటూ రెండు చేతులూ జోడించింది.

గుమ్మం దగ్గర కాఫీ గ్లాసులతో సంతోషకుమారి కొయ్యబారి నిలబడిపోయింది.

దేవకుమారి ముందుకొచ్చి, జోడించిన ఆ చేతులు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"నేను ఒకరికి మాటిచ్చాను వదినా. ఇవాళ తప్పుతున్నాను. దేవుడు క్షమిస్తాడు. మీ ఇంట్లో గేదె ఉన్న సంగతి పెళ్లికి ముందే నాకు తెలుసు."

"తెలుసా!"

"మీ ఇంటికొచ్చి వెళ్లిన పది రోజులకి ఒక పెద్దావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. స్త్రీల కూటం ఉందని ఇంట్లో చెప్పి వచ్చిందట. చేతిలో ముర్రుపాల క్యాను. 'మా గేదె ఈనింది, జున్ను వండుకోండి' అంది. నేను తెల్లబోయాను. అప్పుడు చెప్పింది. చూడిగేదె ఎండలో చేను దాకా నడవలేక మొరాయిస్తే, పెరట్లో పత్తికట్టె మోపుల వెనక దాని మూతి పట్టుకుని నిలబడిందట. మేం వెళ్లేదాకా అట్లాగే నిలబడిందట! నువ్వు ఆ లెక్కలు రాసే మనిషితో అన్న మాట తన చెవులతోనే విన్నది."

"అత్తయ్య... విన్నదా?"

"విన్నది. 'పెళ్లయ్యాక తెలిస్తే ఆ పిల్లని దెప్పుతారేమోనని ముందే చెబుతున్నా. వద్దనుకుంటే ఇప్పుడే వద్దనుకోండి. నేను చెప్పినట్టు నా కోడలికి మాత్రం తెలియనీయొద్దు, తల వంచుకుంటుంది' అంది. నేనే ఉండబట్టలేక అడిగాను. మిమ్మల్నీ మీ గేదెనీ దాచిపెట్టినందుకు మీకు కష్టంగా లేదా పెద్దమ్మగారూ అని. ఏమందో తెలుసా వదినా? 'పదిహేడేళ్లబట్టి మిరపకాయల్లో చేతులు కాల్చుకుంటా కూతుర్ని చదివించింది. ఒక్క పూట నన్ను దాచుకుంటే నాకేం పోయిందమ్మా?' అంది."

జయకుమారి ఇక ఆగలేకపోయింది. ఆ కుర్చీలోనే ఒంగిపోయి చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. సంతోషకుమారి గ్లాసులు ఎక్కడ పెట్టిందో ఏమో, పరుగున వచ్చి తల్లిని పట్టుకుంది. "అమ్మా! నాన్నమ్మ పోకూడదు! ముందు నువ్వు లే!"

"లేవాల్సింది నేను," అంది దేవకుమారి. "అంత మంచి మనసున్న ఇంటి పిల్లనే తెచ్చుకోవాలని ఆ రోజే అనుకున్నాను. ఆ జున్ను తిన్నదాన్ని, సాక్ష్యం చెప్పనా? రేపు సెలవు పెడతాను. పొద్దున్న మొదటి బస్సుకే పోదాం."

శనివారం పది గంటలకి మీరా హుస్సేన్ గారి బల్ల ముందు కూర్చుని దేవకుమారి గుండ్రటి అక్షరాలతో ఒక పేజీ రాసి సంతకం పెట్టింది. ఆయన చదివి తలూపాడు. "ఇది చాలు. పై అధికారి కూడా కాదనడు. అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ లైసెన్సు ఈ గేదె ఉన్నన్నాళ్లే. ఇది పోయాక ఆ పాకలో ఇంకో పశువుని కట్టడానికి లేదు."

"అట్లాగే బాబుగారూ!" అంటూనే మెట్లు దిగింది జయకుమారి. బండి వచ్చేసి ఉంటుంది! దేవకుమారి గంజి చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ఆమె వెనక పరుగులాంటి నడక నడిచింది.

బండి వచ్చేసింది. వెంకయ్య ఎడ్లకి నీళ్లు పెడుతున్నాడు. బండి వెనక చుక్కని కట్టేశారు. ముందు గడ్డిమీద ఎలీసమ్మ మూట ఉంది. రెండు చీరలు, బైబిలు, పాలచెంబు, అంతే. ఖైరున్నీసా గోడవతల నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఆశీర్వాదం మాత్రం తల్లివైపు చూడకుండా పగ్గం ముడి ఊరికే విప్పుతూ కడుతూ ఉన్నాడు.

"ఆగండి!" జయకుమారి వగరుస్తూ బండికి అడ్డం వచ్చింది. "ఏమండీ, గేదె లేదని చెప్పింది అత్తయ్య కాదు. నేను! మన పిల్ల సంబంధం కోసం, చీరాల వాళ్ల ముందు చిన్నబోతానని నేనే లేదన్నాను! మూడేళ్ల నుంచి మీ దగ్గర దాచాను. మొన్న మీరు అత్తయ్యని అన్ని మాటలంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను... పాపిష్టిదాన్ని!"



"దాని మాట పట్టించుకోకురా!" అంది ఎలీసమ్మ గాభరాగా. "ఎండన పడి వచ్చింది, ఏదేదో మాట్లాడుతోంది. కుమారీ, లోపలికెళ్లి మంచినీళ్లు తాగు!"

"ఇక చాలు పెద్దమ్మగారూ," అంది వెనకనుంచి దేవకుమారి. "మీరు చీరాల వచ్చిన సంగతి నేను చెప్పేశాను. సంతకం కూడా పెట్టొచ్చాను. గేదె ఎక్కడికీ పోనక్కర్లేదు."

ఎలీసమ్మ ఆవిడని చూసింది, కోడలిని చూసింది. దొరికిపోయినదానిలా తల దించుకుంది. ఆశీర్వాదం చేతిలోంచి పగ్గం జారిపోయింది.

"అమ్మా... నీకు తెలిసి కూడా... నేను అన్నన్ని మాటలంటుంటే..." ఆ మనిషి తల్లి ముందు తల వంచి నిలబడ్డాడు.

"నీ మాటలకేంలేరా, నువ్వు పుట్టినప్పట్నుంచీ పడుతున్నా. నీ నోరు నాకు కొత్తా? అవే మాటలు దాన్నంటే ఆ పిల్ల తట్టుకోలేదు. నేనిక్కడ ఉంటే రోజూ నా మొహం చూసి కుమిలిపోతుంది. అందుకని పోదామనుకున్నా. గేదెది ఒక వంక." ఎలీసమ్మ కొడుకు తలమీది పత్తి నూగు చేత్తో దులిపింది. "నా కోడలు ఒక్క అబద్ధమాడింది. నేనూ ఒకటి ఆడాను. సరికి సరి. ఇంక ఎవరూ ఎవర్నీ ఏమీ అనొద్దు."

జయకుమారి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. ఆశీర్వాదం భార్యని ఒక్క మాట కూడా అనలేదు. బండిలోని మూట తీసి చంకలో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ తిన్నగా ఇంట్లోకి నడిచాడు.

"బాగానే ఉంది వరస!" అన్నాడు వెంకయ్య. "నాలుగు మైళ్లు బండి తోలుకొచ్చానే అక్కా! ఉత్త బండితో పొమ్మంటావా?"

"ఉత్త బండితో ఎందుకు పోతావురా, కడుపునిండా తినే పోదువు గానీ. ముందు ఆ చుక్కని విప్పు."

"మరి అది చచ్చిపోయాక? ఇంకోటి కట్టనివ్వరంటగా! అది ఎక్కడుంటే నేనక్కడ అన్నావు..."

"ఏదో అన్నాలే! గేదె ఉన్నన్నాళ్లు ఉంటుంది. నేను మాత్రం నా కోడలి దగ్గరే ఉంటా." ఎలీసమ్మ ఒంగి జయకుమారి రెక్క పట్టుకుని లేపింది. కోడలి కళ్లు తనే తుడిచింది. వియ్యపురాలికి వినపడకుండా చెవి దగ్గర మెల్లగా అంది. "ఇంకెప్పుడన్నా అబద్ధం ఆడాల్సొస్తే ముందు నాకు చెప్పవే పిచ్చి మొహమా. ఇద్దరం కలిసి ఆడదాం."

జయకుమారి ఏడుస్తూనే నవ్వింది. "అత్తయ్యా!" అని మాత్రం అనగలిగింది. ఎలీసమ్మ ఆ మండే చేతిని తన చేతిలో పెట్టుకుని, వియ్యపురాలిని కూడా రమ్మని పిలుస్తూ ఇంట్లోకి నడిచింది.